ముల్లు మీద ఎంత బరువు? పాత ప్లేట్లలో దాగిన మన ఉచ్చారణ

గ్రామఫోను రికార్డుని మా బళ్ళారి పక్క ఇండ్లల్లో ‘ప్లేటు’ అనేవాళ్ళు. సూదిని ‘ముల్లు’ అనేవాళ్ళు, పక్కనున్న కన్నడంలోనూ అది ముళ్ళే. తమిళంలో ప్లేటుని ఇసైత్తట్టు అంటారు, మరాఠీలో తబకడి అంటారు. ఈ వ్యాసం ఆ ముల్లు ప్లేటు మీద మోపే బరువు గురించి. భాషా చరిత్ర రాసుకునే చోట ఈ మెకానిక్కు పని ఏమిటని మీకు అనిపించొచ్చు. మన పాత మాట ఎట్ల పలికిందో తెలుసుకోవడానికి మిగిలిన కొద్ది సాక్ష్యాల్లో ఆ ప్లేట్లు ఒకటి. ఆ సాక్ష్యాన్ని మన చేతులతో మనమే అరగదీస్తున్నాం. అందుకే రాస్తున్నాను.

లిపిలో లేనిది గాడిలో ఉంది

చలి, చాప, చుట్టం, చోటు. ఈ మాటలు పైకి ఒకసారి పలకండి. తర్వాత చిన్న, చీమ, చెట్టు, చేను పలకండి. మొదటి వరసలో నాలుక పళ్ళ దగ్గరికి పోతుంది, రెండో వరసలో కొంచెం వెనక్కి, తాలువు దగ్గరికి పోతుంది. జొన్నలో జ వేరు, జిల్లేడులో జ వేరు. ఈ తేడా చూపడానికి ౘ, ౙ అనే అక్షరాలు ఉన్నాయి గానీ మామూలు రాతలో వాటిని ఎవరూ వాడరు. రెండిటికీ ఒకే చ, ఒకే జ. సంస్కృతం నుంచి వచ్చిన చంద్రుడు, జలం లాంటి మాటల్లో అకారం ముందు కూడా తాలవ్యమే పలుకుతాం. అది కూడా రాతలో తెలియదు.

కన్నడంలో ఈ తేడా లేదు, తమిళంలో లేదు. మరాఠీలో ఉంది. ఇప్పుడు మనలాంటి వాళ్ళకి ఒక మంచి ప్రశ్న పుడుతుంది. తరాల తరబడి కన్నడం మధ్య, తమిళం మధ్య ఉన్న తెలుగు వాళ్ళ నోట ఈ ౘ ఎంతకాలం నిలిచింది? షోలాపూరు, ముంబయి మనవాళ్ళకి పక్కింటి మరాఠీ తోడు నిలిచి అది గట్టిపడిందా? తాతల ఉత్తరాలు, దస్తావేజులు ఎన్ని తిరగేసినా దీనికి జవాబు దొరకదు, ఎందుకంటే వాళ్ళు రాసింది ఉత్త ‘చ’ మాత్రమే.

గ్రియర్సన్ భాషా సర్వేలో ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. మద్రాసు, మైసూరు, హైదరాబాదు ప్రాంతాలు ఆ సర్వే పరిధిలోకి రాలేదు. అందువల్ల అందులో తెలుగు మాండలికాలుగా కనబడేవి ఎక్కువగా బయటి తెలుగులే: కోంటావు, సాలేవారీ, గోలరీ, బేరడీ, వడరీ, కామాఠీ, దాసరీ. ముంబయి కామాఠీపురానికి పేరు తెచ్చిన కామాఠీల మాట అందులో ఉంది. మనకి అది బంగారు గని. కానీ అది అచ్చు. చెవితో విని రాసుకున్న వాళ్ళ తీర్పు తప్ప, మాట్లాడినవాడి గొంతు అందులో లేదు. గొంతు పట్టాలని అదే సర్వే తరఫున తర్వాత, 1913కీ 1929కీ మధ్య, గ్రామఫోను రికార్డులు తీశారు. తప్పిపోయిన కొడుకు అనే బైబిలు కథని వేర్వేరు భాషల వాళ్ళతో చెప్పించారు. అవి ఇప్పుడు అంతర్జాలంలో వినొచ్చు.

మనలో చాలామంది ఇండ్లల్లో ఉన్నవి మాత్రం వేరే రకం: నాటక పద్యాల ప్లేట్లు, హరికథలు, హాస్య సంభాషణలు, త్యాగరాజ కీర్తనలు, తర్వాతి సినిమా ఎల్పీలు. నాటకంలో వినబడేది ఇంట్లో మాట కాదు, రంగస్థలం మాట అని ఎవరైనా అడ్డు చెప్పొచ్చు, అది నిజమే. అయినా పలుకుబడి పూర్తిగా దాగదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసిన ఊరు మాది, బళ్ళారి రాఘవ ఆడిన ఊరు మాది. వేషం వేసినా, రాగం తీసినా, నాలుక పుట్టిన ఊరిని మరిచిపోదని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. తమిళం ఇంటి భాషగా ఉన్న విద్వాంసులు తెలుగు కీర్తన పాడితే ఒత్తులు ఎక్కడ జారుతాయో మీరూ విన్నారు కదా. అట్లాంటి జాడలే మనకి కావాలి.

ముందు పోయేది మనకి కావలసిందే

ప్లేటు మీద గాడి ఒక సన్నని కాలువ. దాని గోడల వంకరలే ధ్వని. బొంగురు ధ్వనికి పెద్ద, నిదానమైన వంకరలు ఉంటాయి. స, శ, చ, ౘ లాంటి ఈలగొట్టే హల్లులకి చాలా సన్నని, దగ్గర దగ్గరగా పడిన వంకరలు ఉంటాయి. వాటిలోనూ ౘ లోని సవ్వడి చ కంటే పై స్థాయిలో ఉంటుంది. ముల్లు తప్పుగా తొక్కినప్పుడు ముందు అరిగేవి ఈ సన్న వంకరలే. అచ్చులు, రాగం, తాళం చాలాకాలం బతుకుతాయి, అందుకే ‘ప్లేటు బాగానే పాడుతోంది కదా’ అనుకుంటాం. భాష వాడికి కావలసిన హల్లు అప్పటికే గుడ్డిదైపోయి ఉంటుంది.

ఎల్పీలో ఇంకో చిక్కు కూడా ఉంది. 33⅓ వేగంలో బయటి అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరుగెత్తుతుంది. లోపల లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 20 సెంటీమీటర్ల చిల్లరకి పడిపోతుంది. అదే హల్లుని సగంకంటే తక్కువ చోటులో కుక్కాలి. అందుకే ప్రతి వైపూ ఆఖరి పాటలో స లు చిరిగినట్టు వినబడతాయి.

ఇంకో మాట ముందే చెప్పాలి. 1925 దాకా రికార్డింగ్ కొమ్ము బూరాలోకి పాడి తీసింది. సెకనుకు 5 వేల కంపనాలు దాటిన సవ్వడి అందులో దాదాపు ఎక్కదు. కాబట్టి ఆ కాలపు ప్లేట్లని ళ-ల, ణ-న, అచ్చుల నిడివి లాంటి వాటికి సాక్షులుగా పిలవండి, ౘ విషయంలో ఎక్కువ నమ్మకండి. 1925 తర్వాత మైకుతో తీసినవి, ఆపైన ఎల్పీలు దీనికి మంచి సాక్షులు.

తులాల నుంచి గురిగింజలకి

గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి మన దేశంలో మొదటి వ్యాపార రికార్డులు తీసింది 1902లో. 1908లో కలకత్తా సియాల్దాలో గ్రామఫోను కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. ఆ కీ ఇచ్చే పెట్టెల్లో కరెంటు లేదు, యాంప్లిఫయరు లేదు. గాడిలో ముల్లు కదిలితే ఆ కదలికే సౌండు బాక్సులోని పలకని కొట్టి శబ్దం చేయాలి. బలమంతా గాడి నుంచే రావాలి గనుక బరువు తప్పదు. ముల్లు మీద నూరు గ్రాములు దాటిన భారం పడేది. మన పాత లెక్కలో తులం అంటే వెండి రూపాయి ఎత్తు, 11.66 గ్రాములు. అంటే తొమ్మిది, పది తులాల బరువు.

అంత బరువుకి తట్టుకోవాలని ప్లేటుని లక్కతో, అందులో రాతిపొడి లాంటి గట్టి ఖనిజం కలిపి చేసేవాళ్ళు. ఆ పొడికి ఇంకో పని కూడా ఉంది. కొత్త ఉక్కు ముల్లుని మొదటి కొన్ని చుట్లలోనే సానబట్టి గాడికి సరిపోయేట్టు చేస్తుంది. ఒక వైపు అయ్యేసరికి ముల్లు అరిగి ఉలిలాగ అవుతుంది. అందుకే వైపుకొక కొత్త ముల్లు. డబ్బాకి ఖర్చవుతుందని ఒకే ముల్లుతో పది ప్లేట్లు వేసిన ఇండ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ప్లేట్ల గాడి బూడిద రంగుకి తిరిగి ఉంటుంది, దీపం కింద వంచి చూస్తే తెలుస్తుంది.

కరెంటు పికప్పులు వచ్చాక బరువు దిగడం మొదలైంది. 1948లో కొలంబియా ఎల్పీ వచ్చింది. ప్లేటు మెత్తని వినైల్, గాడి సన్నం. అప్పుడు ఆరేడు గ్రాములు చాలనుకున్నారు. 1958లో స్టీరియో ప్లేట్లు అమ్మకానికి వచ్చాయి. వాటి గాడి పక్కలకే గాక పైకీ కిందికీ కూడా కదులుతుంది, ముల్లు ఆ దారిలో సులువుగా ఊగాలి. అయస్కాంతపు కార్ట్రిడ్జిలు వచ్చి బరువు రెండు గ్రాముల చుట్టుపక్కలకి దిగింది. ఇప్పుడు మామూలుగా దొరికే ఆర్టోఫోన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జికి కంపెనీ చెప్పే బరువు 1.8 గ్రాములు, 1.6 నుంచి 2.0 దాకా హద్దు. ఆడియో-టెక్నికా విఎం95ఇ కి 2 గ్రాములు, 1.8 నుంచి 2.2 దాకా హద్దు.

మన కంసాలి తూకంలో చెబుతాను. తులానికి 96 గురిగింజలు. గింజ ఎత్తు సుమారు 0.12 గ్రాము. కన్నడిగులు గులగంజి అంటారు, మరాఠీలో గుంజ, తమిళంలో కుండుమణి. 1.8 గ్రాములంటే పదిహేను గురిగింజలు. హద్దులో అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర గింజ మాత్రమే. చూపుడువేలితో నొక్కి ‘ఇంత చాలులే’ అనుకునే పని కాదు ఇది.

ఇంత తక్కువ బరువు కూడా తక్కువేం కాదు. ముల్లు కొన గోడని తాకే చోటు కంటికి కనబడని చుక్క. ఆ చుక్క మీద లెక్క వేస్తే చదరపు సెంటీమీటరుకి టన్నుల్లో ఒత్తిడి వస్తుంది. వజ్రపు కొన గనుక అది తట్టుకుంటుంది. వినైల్ కొంచెం అణిగి మళ్ళీ లేస్తుంది. హద్దు దాటితే లేవదు.

పావలా వైద్యం

ప్లేటు మీద ముల్లు ఎగిరిపడితే కార్ట్రిడ్జి నెత్తిన ఒక నాణెం పెట్టడం మన దేశమంతా ఉన్న వైద్యం. బ్యాంకులో నాణేల సంచులు తూచిన నాకు ఆ బరువులు కంఠతా వచ్చు, చూడండి:

- అల్యూమినియం 1 పైస (చదరం): 0.75 గ్రాము
- అల్యూమినియం 2 పైసలు: 1 గ్రాము
- అల్యూమినియం 5 పైసలు (1984కి ముందువి): 1.5 గ్రాములు
- పాత నికెల్ పావలా: 2.5 గ్రాములు
- పాత నికెల్ అర్ధరూపాయి: 5 గ్రాములు
- 1975–82 నాటి పెద్ద రూపాయి: 8 గ్రాములు

కార్ట్రిడ్జి నెత్తిన పెట్టిన నాణెం బరువు దాదాపు పూర్తిగా ముల్లు మీదికే దిగుతుంది. 1.8 గ్రాముల ముల్లు మీద పావలా పెడితే 4.3 అవుతుంది, రూపాయి పెడితే 9.8. ముల్లు ఎగరడం ఆగుతుంది నిజమే, కానీ లోపలి రబ్బరు కూర్చుండిపోతుంది, గాడి గోడ నలుగుతుంది. ముల్లు ఎగిరితే కారణం వేరే చోట ఉంటుంది: ముల్లు చుట్టూ దూది పట్టడం, ప్లేటు వంగడం, పెట్టె సమంగా లేకపోవడం, ముల్లు అరిగిపోవడం. ముందు అది చూడండి.

పావలా, దాని కింది నాణేలన్నీ 2011 జూన్ 30తో చెలామణీ ఆగిపోయాయి. అయినా పారేయొద్దు. తూకపు యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి పనికొస్తాయి. అరగని 2 పైసల నాణేలు రెండు పెడితే 2 గ్రాములు చూపాలి, ఒక పైస, రెండు పైసలు కలిపి పెడితే 1.75 చూపాలి.

తేలిక చేస్తే మేలనే భ్రమ

నాణెం కంటే ఎక్కువ చెరుపు చేసే భ్రమ ఇది. చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువ. బరువు తగ్గిస్తే ప్లేటు అరగదు కదా అని ఒక గ్రాముకి దించేస్తారు. గాడి జోరుగా వంకరలు తిరిగే చోట, అంటే సరిగ్గా ఆ స, చ, ౘ ల దగ్గర, తేలిక ముల్లు గోడని వదిలేసి గాల్లోకి లేస్తుంది. మళ్ళీ పడేటప్పుడు గోడని గీరుతుంది. ఆ గీత శాశ్వతం. తర్వాత ఎంత మంచి ముల్లు పెట్టినా ఆ హల్లు చిరిగే వినబడుతుంది. హద్దు లోపల ఉన్నంత వరకు కొంచెం ఎక్కువే మేలు, తక్కువ కాదు. కంపెనీ ఇచ్చిన సంఖ్య దగ్గర గాని, హద్దులో పై సగంలో గాని పెట్టండి.

పెట్టే పద్ధతి

1. పెట్టె సమంగా ఉందో లేదో మేస్త్రీలు వాడే నీటిమట్టంతో చూడండి.
2. యాంటీ-స్కేటింగు సున్నాకి తిప్పండి. ముల్లు మూత జాగ్రత్తగా తీయండి. కొన్ని కార్ట్రిడ్జిల మూత తీశాకే తూకం సరిగ్గా వస్తుంది.
3. చెయ్యిని ప్లేటు మీదికి తేకుండా, వెనక ఉన్న బరువుని తిప్పుతూ చెయ్యి పైకీ కిందికీ పోక అడ్డంగా తేలేట్టు చేయండి. త్రాసు ముల్లు మధ్యకి వచ్చినట్టే అది.
4. బరువుని కదలనీక, దాని ముందున్న అంకెల చక్రం మాత్రమే సున్నాకి తిప్పండి.
5. ఇప్పుడు బరువు, చక్రం రెండూ కలిపి తిప్పి కావలసిన అంకెకి తెండి.
6. చిన్న డిజిటల్ తూకంతో సరిచూడండి. ముల్లు ప్లేటు ఎత్తులోనే తూకం మీద వాలాలి. తూకం ఎత్తుగా ఉంటే అంకె మారుతుంది. షూర్ కంపెనీ ఎస్ఎఫ్‌జి-2 అనే చిన్న త్రాసు 0.5 నుంచి 3 గ్రాముల దాకా చూపుతుంది, పాత వస్తువుల అంగళ్ళల్లో కనబడితే వదలొద్దు.
7. యాంటీ-స్కేటింగుని అదే అంకెకి దగ్గరగా పెట్టండి.

కాగితం మీద మిల్లీన్యూటన్లలో ఉంటే పదితో భాగించండి, గ్రాములు దాదాపు వస్తాయి. 18 అంటే 1.8.

వెనక బరువే లేని పాత ఫియస్టా రకం పెట్టెలు మన ఇండ్లల్లో ఎక్కువ. వాటి సెరామిక్ కార్ట్రిడ్జి బరువు చాలా ఎక్కువ, మోనో రకమైతే పైకీ కిందికీ ఊగదు కూడా. దాని మీద స్టీరియో ఎల్పీ వేయకండి. ఆ పెట్టె గూట్లో ఉండనీయండి, ప్లేటుకి వేరే పెట్టె చూడండి.

78 ప్లేట్లకి వేరే నియమం

78 గాడి వెడల్పు. దానికి అంగుళంలో వెయ్యో వంతులు మూడు ఉన్న కొన కావాలి, ఎల్పీకి ఒకటో, అంతకంటే తక్కువో చాలు. ఎల్పీ ముల్లు 78 గాడిలో పెడితే గోడల్ని వదిలి అడుగున మట్టిలో పొర్లుతుంది. వినబడేది గరగర తప్ప మాట కాదు. 78 కోసం చేసిన ముల్లుని దాని కంపెనీ చెప్పిన బరువులోనే పెట్టండి, కీ పెట్టె కాలపు తులాలు ఇప్పుడు అక్కర్లేదు.

కడగడానికి స్పిరిట్ వాడొద్దు. వడ్రంగి చెక్కకి పాలిషు వేసేటప్పుడు లక్కని స్పిరిట్‌లోనే కరిగిస్తాడు కదా, మీ ప్లేటు కూడా అట్లే కరుగుతుంది. శుద్ధి చేసిన నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు.

అల్యూమినియం పలక మీద నల్లటి పూత పూసి, అక్కడికక్కడే కోసి తీసిన ప్లేట్లు కొన్ని ఇండ్లల్లో ఉండొచ్చు. వాటి మీద కంపెనీ బొమ్మ ఉండదు, చేతిరాత మాత్రమే ఉంటుంది. అంచు దగ్గర లోహం కనబడితే అసలు ముల్లే పెట్టకండి. అది ఒకే ఒక్క ప్రతి. నిపుణుల దగ్గరికి తీసుకుపోండి.

ఒక్కసారి, సరిగ్గా

ఈ పని చేయదలచినవాళ్ళు ‘ఎట్లుందో చూద్దాం’ అని పది సార్లు వేయకండి. కడిగి, ఆరబెట్టి, బరువు సరిచూసి, కంప్యూటరుకి కలిపి, మొదటిసారే రికార్డు చేయండి. గరగర తీసే సాఫ్ట్‌వేరుని అసలు ప్రతి మీద వాడొద్దు. అది గరగరని, ౘ లోని సవ్వడిని ఒకటే అనుకుని రెండిటినీ ఊడ్చేస్తుంది. వినడానికి శుభ్రమైన ప్రతి వేరే చేసుకోండి, చరిత్రకి మాత్రం గరగరతో ఉన్నదే దాచండి.

లేబుల్ మీది నంబరు, లేబుల్ పక్కన నున్నటి చోట చెక్కిన నంబరు, పాడినవాళ్ళ ఊరు, ప్లేటు ఏ ఇంట్లో, ఏ ఊళ్ళో ఉండేదో రాసిపెట్టండి. హోసూరు, కోలారు, బరంపురం, షోలాపూరు, యానాం నుంచి ఒక్కొక్క ప్లేటు ఇట్ల బయటికి వచ్చినా చాలు, పక్కపక్కన పెట్టి చలి, చాప, జొన్న ఎక్కడ ఎట్ల పలికాయో వినొచ్చు. మీ అటక మీద ప్లేట్లు ఉంటే ముందు ముల్లు మీద బరువు చూడండి, తర్వాతే ప్లేటు తీయండి.